చేయి జారిందని పంతొమ్మిది సార్లు

మొదటిది ఎముకను పట్టుకునే పటకారు. మూడు వందల గ్రాముల బరువు, మూతికి రెండు వరుసల పళ్లు. అది పెద్దసారు చేతిలోంచి బయలుదేరి, డాక్టరమ్మ చెవి పక్కనుంచి దూసుకుపోయి, వెనక గోడకున్న ఆకుపచ్చ టైలును పగలగొట్టి, నా ఎక్స్‌రే యంత్రం చక్రం దగ్గర పడింది. టేబుల్ మీద ఉన్న మనిషి బొగ్గు మోసే బెల్టులో కాలు ఇరుక్కుని వచ్చినవాడు. తొడ చీల్చి ఉంది. విరిగిన ఎముక రెండు కొసలూ బయటికి కనిపిస్తున్నాయి. డాక్టరమ్మ ఆ కండను కొక్కెంతో వెనక్కి లాగిపట్టి నిలబడింది. పటకారు పోయిన దిక్కు చూడలేదు. కొక్కెం వదలలేదు.

“గట్టిగ పట్టుమంటే వినవడ్తలేదా? ఇది కూరగాయలు తరుగుడు కాదమ్మా,” అన్నాడు పెద్దసారు. మత్తు డాక్టరు నవ్వాడు. సిస్టరమ్మ ఇంకో పటకారు అందించింది.

నేను గోదావరిఖనిలో ఒక ప్రైవేటు దవాఖానలో థియేటర్ టెక్నీషియన్ని. పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ చదివాను. నాకు అప్పగించిన పనులు మూడు. ఆపరేషన్ జరుగుతుండగా ఎముకను తెరమీద చూపించే ఎక్స్‌రే యంత్రాన్ని నడపడం, లైట్లూ టేబులూ డ్రిల్లూ ఆగిపోకుండా చూడడం, చెడిపోయిన ప్రతి పనిముట్టునూ రిజిస్టర్లో ఎక్కించడం. రిజిస్టర్లో ఐదు గళ్లు: తేదీ, పనిముట్టు, ఏం చెడింది, కారణం, ఆ సమయంలో సాయం చేస్తున్నది ఎవరు. ఆపరేషన్ చేస్తున్నది ఎవరన్న గడి లేదు. థియేటర్ పెద్దసారుది, ఎముకల ఆపరేషన్లన్నీ ఆయనే చేస్తాడు, అందుకని ఆ గడి అవసరం లేదనుకున్నాను. ఆ గళ్లు గీసింది నేనే.

ఆపరేషన్ అయ్యాక డాక్టరమ్మ చేతులు కడుక్కుంటూ అడిగింది.

“తమ్మీ, ఏం రాస్తవు?”

“పళ్లు రెండు విరిగినయి మేడం. కారణం... విసిరిండ్రు అని రాయాల్నా?”

“పిచ్చోనివా? చేయి జారిందని రాయి.”

“ఎవరి చెయ్యి?”

“ఎవరిదైతే ఏంది. జారింది, అంతే.”

నాకు అర్థమైంది. ఆమెది కాసిపేట. వాళ్ల నాన్న గనిలో పంపు నడిపాడు. మా నాన్న బొగ్గు నింపాడు. గనిలో చిన్న దెబ్బ తగిలితే, అది ఎవరి వల్ల తగిలిందో రాయించకపోవడం ఆ తరం కార్మికులు తమలో తాము పెట్టుకున్న కట్టుబాటు. తోటివాడు వదిలేసిన దిమ్మె కాలిమీద పడినా ‘నా కాలే జారింది’ అనేవారు. నిజం చెబితే వాడికి చార్జిషీటు వస్తుంది, మర్నాడు అదే మనిషితో కలిసి అదే కప్పు కింద పని చెయ్యాలి. మా నాన్న ఎడమ కాలి బొటనవేలికి గోరు లేదు. ఆ గోరు పోయిన సంగతి మా ఇంట్లో గర్వంగా చెప్పుకునేవాళ్లం. అలాంటి ఇళ్లలో పెరిగినవాళ్లం కనుక ఆమె చెప్పింది, నేను రాశాను. ఇద్దరికీ అది అబద్ధమని అనిపించలేదు.

ఆమె ఎముకల సర్జన్. ఈ చుట్టుపక్కల ఆ పని చేసే ఆడమనిషిని అంతకుముందు నేను చూడలేదు. చేరేటప్పుడు దవాఖాన ఆమెకు ఇచ్చిన మాట ఒకటే. ఆరు నెలలు పెద్దసారుకు సాయం చేస్తే, ఆ తర్వాత ప్రతి గురువారం టేబుల్ ఆమెది. ఆ రోజు కేసులు ఆమెవి, కోత ఆమెది, బాధ్యత ఆమెది. సొంతంగా చెయ్యకుండా ఏడాది గడిపిన సర్జన్‌ను ఎక్కడికి వెళ్లినా ‘ఇన్నాళ్లు ఏం చేసినవు’ అని అడుగుతారట. సిస్టరమ్మ చెప్పింది. ఆరు నెలలు గడిచాయి, ఏడు, ఎనిమిది. ఆమెకు దక్కినవి పిండికట్లు వేయడం, పిండికట్లు కోయడం, ముసలమ్మల మణికట్లు, పెద్దసారు భోజనానికి వెళ్లాక మిగిలిన కుట్లు.

ఈ మధ్యలో పనిముట్లు ఎగురుతూనే ఉన్నాయి. స్క్రూ తిప్పే కడ్డీ, రెండు కొక్కేలు, ఉలి, డ్రిల్లు బిగించే తాళం. ఎక్స్‌రే బొమ్మ ఆలస్యమైతే తప్పు నాది, విసురు మాత్రం ఆమె వైపు. కత్తెర పిడితో వేళ్ల కణుపుల మీద కొట్టడం నా లెక్కలో లేదు, ఎందుకంటే దానికి పనిముట్టు చెడేది కాదు. ఆమె గ్లౌజు విప్పినప్పుడు కణుపులు నీలంగా ఉండేవి. ఆ గ్లౌజు కూడా ఆమెది కాదు. స్టోర్లో ఏడున్నర సైజు తప్ప ఉండేవి కావు. ఆమెకు ఆరున్నర కావాలి. వేళ్ల చివర అర అంగుళం రబ్బరు వేలాడుతుండగానే పని చేసేది.

ఎనిమిదోది సుత్తి. ఏడు వందల గ్రాములు. గోడకు కొట్టుకుని వెనక్కి వచ్చి ఆమె మోకాలి కింది ఎముకకు తగిలింది. నాకు రెండు శబ్దాలు విడివిడిగా వినిపించాయి, ముందు టైలు, తర్వాత ఎముక. ఆపరేషన్ ఇంకా గంటా పది నిమిషాలు సాగింది. ఆమె బరువంతా ఒక కాలిమీద వేసి నిలబడింది. చెప్పు మీది తొడుగులో నెత్తురు నిండి నేల మీద ముద్రలు పడుతుంటే సిస్టరమ్మ గుడ్డ పడేసి కాలితో తుడిచింది. ఇరవై ఏళ్లుగా సర్జన్లకు పనిముట్లు అందిస్తున్న మనిషి ఆమె. ‘ప్రభువా’ అని గొణగడం తప్ప ఏమీ అనలేదు. పెద్దసారే అన్నాడు, “సుత్తి బరువైందా అమ్మా? మీ ఇంట్ల రోకలి లేదా?”

ఆ రోజు నేను రాసింది: సుత్తి, పిడి సడలింది, చేయి జారింది. ఆమెను అడగలేదు.

బయటివాళ్ల సంగతి కూడా చెప్పాలి. ఒక మధ్యాహ్నం లారీ కింద తొడ నలిగిన మనిషిని ఆటోలో వేసుకొచ్చారు. ప్యాంటు, కండ, బురద ఒకే ముద్దగా ఉన్నాయి. పెద్దసారు జ్యోతినగర్‌లో ఎవరింట్లోనో భోజనానికి వెళ్లాడు. డాక్టరమ్మ ముందుకొస్తే ఆ మనిషి కొడుకు ఆమె మణికట్టు పట్టుకుని మెలితిప్పి పైకెత్తాడు, చుట్టూ ఉన్నవాళ్లకు చూపిస్తున్నట్టు.

“సూడుండ్రి, గీ చెయ్యా మా బాపు తొడ అతికిచ్చేది? మొగ డాక్టర్ లేడా ఈ దవాఖానల?”

“నెత్తురు పోతాంది మీ బాపుది,” అంది ఆమె. గొంతు పెరగలేదు. “నా చెయ్యి ఇడిస్తే ఆపుత. ఇడువకుంటే సూస్కుంట నిలవడు.”

వాడు వదిలాడు. ఆమె పిడికిలి ఆ గాయంలోకి దించి, రక్తనాళాన్ని ఎముకకు అదిమి, పెద్దసారు వచ్చేదాకా ఇరవై రెండు నిమిషాలు అలాగే ఉంది. నేను గడియారం చూశాను. ఆయన వచ్చి ఆపరేషన్ చేశాడు. కొడుకు ఆయన కాళ్లకు మొక్కాడు.

తొమ్మిదో నెలలో కొత్త పనిముట్లు కావాలని మేనేజరుకు రాయాల్సి వచ్చింది. రిజిస్టర్ను కంప్యూటర్లోకి ఎక్కించాను. నాకు ఆ పని ఇష్టం. పంతొమ్మిది వరుసలు పేర్చి, కింద చిన్న పట్టిక వేశాను. కారణం చేయి జారడం: పంతొమ్మిది. సాయం చేస్తున్నది డాక్టరమ్మ: పంతొమ్మిది. వరుసలకు రంగులు కూడా వేశాను.

రెండు రోజుల తర్వాత మేనేజరు పిలిచి కుర్చీ చూపించాడు.

“మంచి పని చేసినవ్. ఇంత సాఫ్‌గ ఎవ్వలు చూపియ్యలె. ఆమె చేతికి పట్టు లేదని పెద్దసారు ఎప్పటినుంచో చెప్తుండు, నేనే నమ్మలె. సోమవారం మీటింగ్ వెడ్తున్న. గురువారం సంగతి ఆడ్నే ఖతం జేద్దం.”

ఆ కాగితం మీద విసిరిన మనిషి ఎక్కడా లేడు. దెబ్బలు తిన్న మనిషి ప్రతి వరుసలోనూ ఉంది.

కాగితం తీసుకెళ్లి డ్రెస్సింగ్ గదిలో ఆమెకు ఇచ్చాను. నిలబడే చదివింది.

“రంగులు బాగేసినవ్,” అంది. తర్వాత, “మొదటిది నేను చెప్పిన. అది నా తప్పు. కడమ పద్దెనిమిది?”

“మీరు అట్లనే రాయమన్నరని...”

“ఒక్కసారి అన్న. పద్దెనిమిది సార్లు నువ్వు రాసినవ్. ఒక్కదినమన్న నన్ను అడిగినవా?”

కాగితాన్ని నా ఛాతీకేసి కొట్టింది. చిన్న చెయ్యే. ఒక అడుగు వెనక్కి వేశాను.

ఆదివారం పొద్దున మా నాన్న క్వార్టర్ ముందు కూర్చుని గడ్డం గీసుకుంటున్నాడు. నేను అడిగాను, “బాపు, నువ్వు కాలు జారిందని చెప్పి కాపాడిన మనిషి ఇప్పుడు ఏడున్నడు?”

“మంచిర్యాలల ఇల్లు కట్టుకున్నడు. మొన్న మనవరాలి పుట్టినరోజుకు పిలిచిండు గదా. ఎందుకురా?”

మొత్తం చెప్పాను. పటకారు, సుత్తి, పట్టిక. ఆయన బ్లేడు ఆపి విన్నాడు.

“మేం ఒకని నౌకరి పోవద్దని గట్ల చెప్పినం. ఇద్దరం ఒక్క తట్ట మోసెటోళ్లం. నువ్వు ఎవని నౌకరి కాపాడినవ్?”

“పెద్దసారుది.”

“ఆయనది పోయేదుండెనా?”

“లేదు.”

“మరి?”

నేను మగ్గులో నీళ్లు మార్చి తెచ్చాను.

“ఆ పిల్లది గనోళ్ల ఇల్లేనా?”

“వాళ్ల బాపు పంపు నడిపిండు.”

“అయితే నీకు సిగ్గు లేదు,” అని మళ్లీ అద్దం వైపు తిరిగాడు. చెంప మీద గాటు పడి నురగ ఎర్రబడింది. తుడుచుకోలేదు.

ఆ మధ్యాహ్నం ఖాళీ థియేటర్లోకి టేపు తీసుకుని వెళ్లాను. గోడమీద పగిలిన చోట్లు పదకొండు. అన్నిటికంటే కిందిది నేల నుంచి అరవై రెండు సెంటీమీటర్లు, పైది నూట నలభై ఎనిమిది. టేబుల్ అంచు నుంచి గోడకు మూడు మీటర్ల నలభై. రాసుకున్నాను.

సోమవారం పదకొండు గంటలకు మేనేజరు గదిలో ఐదుగురం: ఆయన, పెద్దసారు, డాక్టరమ్మ, సిస్టరమ్మ, నేను. మేనేజరు నా పట్టికను బల్లమీద పరిచాడు. ఆయన నోరు తెరవకముందే నేను లేచాను.

“అది తప్పు సార్. నేను రాసింది అబద్ధం.”

“ఎన్ని?”

“పంతొమ్మిదికి పంతొమ్మిది.”

“అంటే తొమ్మిది నెలలు అబద్ధం రాసినోడు ఇయ్యాల నిజం చెప్తుండని నేను నమ్మాలె?”

రెండో కాగితం తీశాను. “నన్ను నమ్మకుండ్రి సార్, గోడను చూడుండ్రి. చేతుల నుంచి జారింది కింద పడ్తది. మూడు మీటర్లు దాటి పోయి ఛాతీ ఎత్తుల గోడకు తగల్దు. పదకొండు చోట్ల తగిలింది.”

“టైల్సు పాతయి. పగుల్తయి,” అన్నాడు మేనేజరు.

“పాతయి కావు,” అంది సిస్టరమ్మ. “పోయినేడు ఏసినయి. నేనే నిలవడి ఏపిచ్చిన. సుత్తి ఈ బిడ్డ కాలికి తాకినప్పుడు నెత్తురు గూడ నేనే తుడిచిన. నేనూ చెప్పలె ఇన్నొద్దులు.”

పెద్దసారు నవ్వాడు. నిజంగానే నవ్వాడు, వెనక్కి వాలి.

“విసిరిన. ఔ, విసిరిన. ఏందిప్పుడు? మా సారు నా మీదికి ట్రేకు ట్రేనే విసిరెటోడు. గట్లనే నేర్సుకున్న. అడుగు ఏ సర్జన్నైనా.”

మేనేజరు ఊపిరి వదిలాడు. “టెన్షన్ల అయితయి సార్ గిసోంటివి,” అన్నాడు. విసరడం ఆ గదిలో తప్పు కాదని అప్పుడు తెలిసింది. నా టేపు కొలతలు, నా పదకొండు చోట్లు, అన్నీ ఆ నవ్వులో కలిసిపోయాయి.

డాక్టరమ్మ మాత్రం పట్టికను తనవైపు లాక్కుంది.

“అయితే నా చెయ్యి జారలె,” అంది.

పెద్దసారు వైపు తిరిగింది.

“మీరే చెప్పిండ్రు సార్, విసిరిన అని. అంటే పంతొమ్మిదిట్ల నా చెయ్యి జారింది ఎన్ని? సున్న. మీ మీద కేసు వెడ్తలేను, సారీ చెప్పుమంటలేను. గురువారం టేబుల్ నాది. మాట ఇచ్చింది మీరు.”

పెద్దసారు బల్లమీద పిడికిలితో గుద్దాడు. నీళ్ల గ్లాసు దొర్లి మేనేజరు ఒళ్లో పడింది.

“తీస్కో! మొదటి కేసు నేనిస్త. ఆ డంపర్ డ్రైవర్ తొడల రాడ్డున్నది గదా, చీము వట్టింది, అది తియ్యి. బయటికొస్తే ప్రతి గురువారం నీదే. లోపల్నే విరిగితే టేబుల్ మాట మళ్ల నా ముంగట ఎత్తద్దు.”

ఆ కేసును ఆయన మూడుసార్లు వాయిదా వేశాడు. ఆ సంగతి గదిలో అందరికీ తెలుసు. వెళ్తూ వెళ్తూ నా దగ్గర ఆగి, అరచెయ్యి తెరిచి చెవిమీద కొట్టాడు. “టైల్సు లెక్కవెడ్తవురా?” అన్నది ఒక చెవికే వినిపించింది. మేనేజరు ఒళ్లో నీళ్లు తుడుచుకుంటున్నాడు.

గురువారం నేను చేసినవి రెండు. ఆరున్నర గ్లౌజులు తెప్పించి పెట్టాను. టేబుల్‌ను పదకొండు సెంటీమీటర్లు కిందికి దించాను. ఇన్నాళ్లూ అది పెద్దసారు ఎత్తుకే ఉండేది, ఆమె పీట ఎక్కి నిలబడేది.

డ్రైవరు బరువు తొంభై ఆరు కిలోలు. విరిగిన తొడ ఎముక లోపల ఐదేళ్ల కింద వేసిన రాడ్డు, దాని తలమీద ఎముక పెరిగి మూసుకుంది. ఆమె తుంటి పక్క కోసి, ఉలితో ఆ ఎముకను పెచ్చులు పెచ్చులుగా లేపింది. చీము ముందు వచ్చింది, తర్వాత నెత్తురు. రాడ్డు తలకు పొడవాటి కడ్డీ బిగించింది. దానిమీద ఒక ఇనుప బరువును వెనక్కి ఈడ్చి కొడితే రాడ్డు బయటికి రావాలి. ఈడ్చి కొట్టింది. నలభై దెబ్బలకు కదలలేదు. ప్రతి దెబ్బకూ అంత పెద్ద శరీరమూ టేబుల్ మీద ఎగిరిపడుతుంటే మత్తు డాక్టరు పేషెంటు తలను పట్టుకుని కూర్చున్నాడు. సిస్టరమ్మ రెండు చేతులతో కాలిని అదిమింది. యాభై ఆరో దెబ్బకు మర ఊడింది. మళ్లీ బిగించింది. నెత్తురు చిమ్మి ఆమె కళ్లద్దాల మీద పడితే ఎవరూ తుడవకముందే ఇంకో దెబ్బ వేసింది. భుజంతో కాదు, ఒక పాదం టేబుల్ దిమ్మెకు తన్నిపెట్టి, నడుము తిప్పి, మొత్తం ఒంటి బరువుతో. సుత్తికి బలం ఎక్కడినుంచి వస్తుందో ఆమె తొమ్మిది నెలలు పక్కన నిలబడి చూసింది కదా.

పెద్దసారు గోడకు ఆనుకుని చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

“ఆపు. విరుగుతది.”

“బొమ్మ,” అంది ఆమె నాతో.

పెడల్ తొక్కాను. తెరమీద రెండు బొమ్మలు పక్కపక్కన పెట్టి కొలిచాను.

“కదిలింది మేడం. మూడు మిల్లీమీటర్లు.”

పెద్దసారు తెర చూశాడు. ఆమె చూడలేదు, అప్పటికే చెయ్యి మార్చుకుని మళ్లీ కొడుతోంది. నూట ముప్పై దాటాక నేను లెక్క వదిలేశాను. రాడ్డు ఒక్కసారిగా వదిలింది. ఆమె వెనక్కి తూలి టేబుల్ పట్టుకుంది. నలభై సెంటీమీటర్ల ఇనుము, నల్లగా, కండ పీచులతో, విరగకుండా వచ్చింది.

“గంటన్నర పట్టింది. నేనైతే నలభై నిమిషాలు,” అన్నాడు పెద్దసారు. తలుపు తోసుకుని వెళ్లిపోయాడు.

చీము కడిగి, గొట్టం పెట్టి, కుట్టాక ఆమె గ్లౌజులు విప్పింది. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య చర్మం పొక్కి చిట్లింది. రాడ్డును స్టీలు ట్రేలో పెట్టుకుని తనే బయటికి నడిచింది. నేను వెనక వెళ్లాను. మొదటి షిఫ్టు దిగి అట్లాగే వచ్చిన నలుగురు డ్రైవర్లూ, పేషెంటు వాళ్ల అన్నా వరండాలో ఉన్నారు. అన్న ఆమె భుజం మీదుగా తలుపు వైపు చూశాడు.

“పెద్దసారు ఏడి?”

“ఆపరేషన్ నేను చేసిన. రాడ్డు వచ్చింది, విరగలె. మీ తమ్ముడు మంచిగున్నడు.”

అతను నావైపు తిరిగాడు. “నిజమేనా అన్నా? సారు లోపల ఉండె గదా?”

నేను నోరు తెరిచాను.

“ఆయన్ని ఎందుకు అడుగుతవ్?” అంది ఆమె. “ఆయన బొమ్మలు దీసెటోడు. కోసింది నేను. నన్నడుగు.”

నోరు మూసుకున్నాను. అతను ట్రేలోకి చూశాడు, చిట్లిన ఆమె చేతిని చూశాడు.

“గింత పొడుగుదా?” అన్నాడు చివరికి.

“గింతదే.”

“ఎన్నడు నడుస్తడు, డాక్టరమ్మా?”

ఆమె చెప్పడం మొదలుపెట్టింది. రేపు కూర్చోబెడతాం, ఎల్లుండి కర్ర, ఆరు వారాలు మందులు, డంపర్ ఇప్పుడే కాదు. అతను ప్రతి మాటా వెనకవాళ్లకు తిరిగి చెబుతున్నాడు. వాళ్లలో ఒకడు, అందరికంటే పెద్దవాడు, ప్యాంటు అంచు పైకి మడిచి వాచిన మోకాలు ముందుకు పెట్టాడు.

“నాది గూడ జెర సూస్తవా అవ్వా? రెండేండ్ల సంది గిట్లనే ఉన్నది.”

ఆమె ట్రే నా చేతిలో పెట్టి, వంగి మోకాలి చిప్పను బొటనవేలితో నొక్కింది. వాడు కెవ్వుమన్నాడు. తోటివాళ్లు నవ్వారు.

“ఎక్స్‌రే తీపిచ్చుకొని గురువారం రా,” అంది.